ముచ్చటకొక విమానం

పాత వస్తువును ఇంట ఉంచుకొనే తీరు రెండు విధాలు. తాతగారి గోడగడియారం ముల్లు ఆగిపోయినా, దానిని తుడిచి, మెరుగుపెట్టి, వచ్చినవారికి చూపడం ఒక విధం. ప్రతి ఆదివారం ఉదయం దానికి కీ ఇచ్చి, వెనుకబడిన నిమిషాలను సవరించి, దాని గంటను బట్టి ఇంట పొయ్యి రాజేయడం రెండవ విధం. మొదటిదానికి ఒక మెత్తని గుడ్డ చాలు. రెండవదానికి ఓపిక కావాలి, కాస్త విద్య కావాలి, అన్నిటికంటె మించి ఆ వస్తువును ఎప్పుడు నమ్మవచ్చునో ఎప్పుడు నమ్మరాదో తెలిసిన వివేకం కావాలి. గడియారం విషయంలో ఆ వివేకం లోపిస్తే భోజనం ఆలస్యమవుతుంది. ఈవేళ నేను ప్రస్తావించబోయే వస్తువు విషయంలో అది లోపిస్తే ప్రాణమే పోతుంది. ఆ వస్తువు విమానం.

విమానమనగానే మన మనస్సులో మెదిలే రూపం వేరు. వందలమందిని కడుపులో దాచుకొని, కిటికీలు బిగించుకొని, మబ్బులకు పైన గంటకు 500 మైళ్ల వేగంతో పోయే లోహపు పక్షి అది. అందులో మనం ఎగిరామనడం కంటె, ఒక గదిలో కూర్చుండగా ఆ గదిని వేరొక ఊరికి మార్చారనడమే సబబు. నేను చెప్పేది దానికి ముత్తవ్వ వంటి విమానం. ఇద్దరికి మాత్రమే చోటు. పైన కప్పు లేదు. పైనొక జత, క్రిందనొక జత రెక్కలు. అవి కొయ్యబద్దలపై గుడ్డ బిగించి చేసినవి. ముందు ఒక చెక్క పంకా. ఎక్కినవాని ముఖానికి గాలి, చెవులకు ఇంజను హోరు, ముక్కుకు నూనెవాసన నేరుగా తగులుతాయి. ఎనభై, తొంభై ఏండ్ల వయస్సు గల ఇటువంటి విమానాలను సొంతంగా కొని, సొంత ఖర్చుతో పోషించి, సెలవుదినాలలో స్వయంగా నడుపుకొనేవారు లోకంలో ఇప్పటికీ ఉన్నారు. ఇంగ్లండులో ఇది బాగా వేరూనిన ముచ్చట. వారు జీతానికి ఎగిరేవారు కారు. బడిపంతుళ్లు, వైద్యులు, రైతులు, చిన్న వ్యాపారులు. వారికి ఉండేది ప్రైవేటు పైలటు లైసెన్సు. బ్రిటన్‌లో దానిని పొందడానికి 17 ఏండ్లు నిండి ఉండాలి, కనీసం 45 గంటల శిక్షణ పొందాలి, పరీక్షలు ఇవ్వాలి, దేహం ఆరోగ్యంగా ఉండాలి.

ఈ ముచ్చటకు మూలపురుషుడు జాఫ్రీ డి హావిలాండ్ అనే విమాన నిర్మాత. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన పిమ్మట విమానమంటే సైన్యానికో, ధనవంతునికో చెందిన వస్తువుగా ఉండేది. మధ్యతరగతి మనిషి ఎక్కదగిన, కొనదగిన, తన కొట్టంలో పెట్టుకొనదగిన విమానం ఒకటి ఎందుకు ఉండరాదని ఆయన తలచాడు. తగిన ఇంజను దొరకలేదు. యుద్ధంలో మిగిలిపోయిన రెనో ఇంజన్లు చవుకగా లభించేవి. కాని వాటికి ఎనిమిది సిలిండర్లు, బరువు అధికం. ఫ్రాంక్ హాల్‌ఫర్డ్ అనే ఇంజనీరు ఆ ఇంజనులో సగభాగాన్ని ఆధారంగా తీసుకొని నాలుగు సిలిండర్ల ఇంజను తయారుచేశాడు. అరవై గుర్రాల బలం గల ఆ ఇంజనుతో 1925 ఫిబ్రవరి 22వ తేదీన, లండను శివారున స్టాగ్ లేన్ అనే మైదానం నుండి కొత్త విమానం లేచింది. దాని పేరు మాత్. దీపం చుట్టూ తిరిగే రెక్కలపురుగును, మన శలభాన్ని, ఇంగ్లీషువారు మాత్ అంటారు. డి హావిలాండ్‌కు సీతాకోకచిలుకలను, శలభాలను పరిశీలించే అలవాటు ఉన్నది. ఈ విమానం నేల దిగిన పిమ్మట శలభం వలెనే రెక్కలను వెనుకకు ముడుచుకొనగలదు. అందువల్ల చిన్న కొట్టంలో ఇమిడిపోతుంది. పేరుకు, రూపానికి అంత చక్కని పొందిక కుదిరింది. తరువాత 1928లో జిప్సీ అనే కొత్త ఇంజను అమర్చిన జిప్సీ మాత్ వచ్చింది. దానితో మామూలు మనుషుల సాహసయుగం మొదలయింది.

ఆ మామూలు మనుషులలో ఏమీ జాన్సన్ ఒకతె. ఆమె లండనులో ఒక న్యాయవాది కార్యాలయంలో ఉద్యోగం చేసేది. 1930 మే నెలలో, 26 ఏండ్ల వయస్సున, వాడిన జిప్సీ మాత్ ఒకటి కొనుక్కొని క్రాయిడన్ నుండి ఒంటరిగా బయలుదేరి, కరాచి, ఝాన్సీ, అలహాబాదు, కలకత్తా, రంగూను మీదుగా 11,000 మైళ్లు ఎగిరి, మే 24న ఆస్ట్రేలియాలోని డార్విన్ చేరింది. ఝాన్సీలో ఆమె దిగింది విమానాశ్రయంలో కాదు, సైనికుల కవాతు మైదానంలో. రంగూనుకు సమీపాన ఇన్సీన్‌లో ఆటస్థలంలో దిగబోయి గుంటలో పడి రెక్క విరిగింది. స్థానికులు తోడ్పడి గుడ్డ అతికి, కొయ్య కట్టి, మళ్లీ సాగనంపారు. ఈమె కథలో నాకు అన్నిటికంటె ముఖ్యమనిపించే అంశం వేరొకటి. ఈ ప్రయాణానికి ముందే ఆమె ఇంజన్లు విప్పి బిగించే విద్యలో లైసెన్సు సంపాదించింది. తాను నమ్మబోయే యంత్రాన్ని ముందు తన చేతులతో ఎరిగింది. ఆ విమానాన్ని ఇప్పటికీ లండను సైన్స్ మ్యూజియంలో చూడవచ్చు.

మన దేశానికి ఈ శలభాలతో గల సంబంధం చిన్నది కాదు. 1929 ఫిబ్రవరి 10న జె. ఆర్. డి. టాటా గారికి భారతదేశంలో మొదటి పైలటు లైసెన్సు లభించింది. తరువాత, ఇంగ్లండు, భారతదేశాల నడుమ ఒంటరిగా ఎగిరే మొదటి భారతీయునికి ఆగాఖాన్ బహుమతి ప్రకటించారు. టాటా కరాచి నుండి ఇంగ్లండు వైపు బయలుదేరాడు. ఆస్పీ ఇంజనీర్ అనే యువకుడు ఇంగ్లండు నుండి ఇటు బయలుదేరాడు. ఇద్దరివీ జిప్సీ మాత్‌లే. ఇద్దరూ ఈజిప్టులో అబూకీర్ అనే చోట ఎదురుపడ్డారు. ఆస్పీ వద్ద స్పార్కు ప్లగ్గులు చెడిపోయి, మారుప్లగ్గులు లేక ఆగిపోయి ఉన్నాడు. టాటా తన వద్ద అదనంగా ఉన్నవాటిని ఇచ్చి పంపాడు. పందెంలో ఆస్పీ కొద్ది గంటల తేడాతో గెలిచాడు. అదే ఆస్పీ ఇంజనీర్ తరువాత, 1960లో, భారత వైమానిక దళాధిపతి అయ్యాడు. పందెంలో ఎదుటివానికి ప్లగ్గులు ఇవ్వడం ఔదార్యమని మనం అంటాం. పాత విమానాల వారితో కొంత మసలిన తరువాత నాకు తోచింది వేరు. చెడిన ప్లగ్గుతో తోటివానిని సముద్రం మీదికి పంపడం వారి ధర్మశాస్త్రంలో లేదు.

టాటా 1932 అక్టోబరు 15న కరాచి నుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి టపాసంచులు తెచ్చింది కూడా ఆ కుటుంబానికే చెందిన పస్ మాత్ విమానంలో. ఆ టపా బళ్లారి మీదుగా మద్రాసు చేరింది. సరిగా యాభై ఏండ్లకు, 1982లో, 78 ఏండ్ల వయస్సున, ఆయన మళ్లీ లెపర్డ్ మాత్ అనే పాత విమానంలో అదే దారిని ఒంటరిగా ఎగిరి చూపాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మన హైదరాబాదు బేగంపేటలో యువకులు విమానవిద్యకు ఓనమాలు దిద్దుకొన్నది టైగర్ మాత్‌లపైనే. మన వైమానిక దళం అటువంటి టైగర్ మాత్‌ను ఒకదానిని బ్రిటన్‌లో బాగుచేయించి, 2012లో వైమానికదళ దినోత్సవాన మళ్లీ ఎగురవేసింది.

ఈ టైగర్ మాత్‌ను గూర్చి కొంచెం వివరంగా చెప్పాలి. 1931 అక్టోబరు 26న ఇది మొదట ఎగిరింది. జిప్సీ మాత్‌కు తమ్ముడు. కాని సైనికశిక్షణ కొరకు పుట్టినవాడు. లోకమంతటా ఎనిమిది వేలకు పైబడి తయారయ్యాయి. యుద్ధం ముగిసి, శిక్షణకు కొత్త విమానాలు వచ్చిన పిమ్మట, వీటిని చవుకగా అమ్మివేశారు. కొన్ని విమానక్లబ్బులకు పోయాయి. న్యూజీలండులో కొన్ని కొండల మీది పచ్చికబయళ్లకు ఎరువు చల్లాయి. కొన్ని కొట్టాలలో మూలబడ్డాయి. ఈనాడు ముచ్చటపడి పోషించేవారి చేతులలో ఉన్నవి ఆ మిగిలినవే. వారందరినీ కలిపే మాత్ క్లబ్బు 1975లో ఇంగ్లండులో వెలసింది.

ఈ విమానం రెక్కల విస్తారం సుమారు 29 అడుగులు. పొడవు సుమారు 24 అడుగులు. ఇద్దరు ఎక్కి, పెట్రోలు నింపినా బరువు ఒక చిన్న కారు బరువును మించదు. వేగం గంటకు 80, 90 మైళ్ల నడుమ. శరీరం ఉక్కుగొట్టాల చట్రం. రెక్కలు స్ప్రూస్ కలప. పైన బిగించే గుడ్డ తొలుత అవిసెనారతో నేసినది. దానిపై డోపు అనే ఒక విధమైన వార్నిషు పూస్తారు. అది ఆరేకొద్దీ గుడ్డ బిగిసి, వ్రేలితో తట్టితే మృదంగం వలె మ్రోగుతుంది. పెట్రోలు తొట్టి పై రెక్క నడుమ ఉన్నది. అక్కడినుండి నూనె దీపానికి వలె తన బరువుతోనే క్రిందికి దిగుతుంది, పంపు అక్కరలేదు. ఎంత మిగిలిందో చెప్పేది తొట్టి నెత్తిన తేలే బెండుకు తగిలించిన చిన్న పుల్ల. పుల్ల దిగుతూంటే పైలటు తలయెత్తి చూసుకోవాలి. బ్రేకులు లేవు. తోకక్రింద చక్రం లేదు, నేలను గీరే ఒక బద్ద మాత్రం ఉన్నది. అందుచేత వీటికి గడ్డిమైదానమే మేలు. ఒంటరిగా ఎగిరే పైలటు ముందుసీటులో కాక వెనుకసీటులో కూర్చుంటాడు. తూకం అప్పుడే కుదురుతుంది. ఇద్దరూ మాట్లాడుకొనడానికి మొదట ఉన్నది రబ్బరు గొట్టం. వైద్యుడు గుండె పరీక్షించే గొట్టం వంటిది.

ఇంజనును కదిలించడానికి మీటలు లేవు. ఒక మనిషి ముందు నిలిచి పంకాను చేతితో త్రిప్పాలి. ఇది చూడడానికి తేలిక. ఏమరితే చేయి తెగే పని. అందుకే దానికొక క్రమం, ఒక మంత్రం వంటి ప్రశ్నోత్తరం ఉన్నవి. చక్రాల ముందు చెక్కదిమ్మెలు పెట్టాలి. ముందున్నవాడు ‘స్విచెస్ ఆఫ్’ అంటాడు. పైలటు అదే మాట తిరిగి చెప్పాలి. విద్యుత్తు స్విచ్చులు విమానం ప్రక్కన వెలుపలనే అమర్చి ఉంటాయి. పంకా త్రిప్పేవాడు తన కంటితో చూసుకొనాలని ఆ ఏర్పాటు. నాలుగైదుమార్లు పంకాను నెమ్మదిగా త్రిప్పి ఇంజనుకు పెట్రోలు త్రాగిస్తారు. ఆ పైన ‘కాంటాక్ట్’ అనే మాట. మళ్లీ అదే మాట. స్విచ్చు వేస్తారు. ఒక్క ఊపు. ఇంజను దగ్గి, పొగ చిమ్మి, మేలుకొంటుంది. మాటకు మాట తిరిగి చెప్పనిదే చేయి పంకామీద పడదు. నా వృత్తి మాటలతో. మాటను అంత జాగ్రత్తగా వాడే చోటు నేను వేరొకటి చూడలేదు.

కొన్నేండ్ల క్రితం వృత్తిసంబంధమైన శిక్షణకై నేను కొద్ది వారాలు ఇంగ్లండులో ఉన్నాను. అక్కడ పరిచయమైన ఒక పెద్దమనిషి, ఉద్యోగవిరమణ చేసిన లెక్కల మాస్టారు, మరి ముగ్గురితో కలిసి ఒక టైగర్ మాత్‌కు యజమాని. ఇది అక్కడ పరిపాటి. ఒక్కరు భరించలేని ఖర్చును నలుగురు పంచుకొంటారు. గుర్రాన్ని నలుగురు కొని, తలా ఒక పూట మేపినట్లు. కొట్టం అద్దె, బీమా, తనిఖీలు, పెట్రోలు, నూనె. వీటిలో కొన్ని విమానం ఎగిరినా ఎగరకపోయినా తప్పనివి. విమానం కొనడం సులభమనీ, దానిని కలిగి ఉండడమే కష్టమనీ ఆయన అనేవారు. ఒక ఆదివారం నన్ను ఎక్కించి త్రిప్పుతానని మాట ఇచ్చారు. నేను రెండు రైళ్లు మారి, సంబరంతో ఆ మైదానం చేరాను.

ఆకాశం నిర్మలంగా ఉన్నది. ఆయన ముందు విమానం చుట్టూ ప్రదక్షిణం చేశారు. ప్రతి తీగను వ్రేలితో మీటారు. ప్రతి మేకుకు గల చిన్న పిన్నును తడిమారు. రెక్కగుడ్డను వంగి, క్రింది నుండి కూడ చూశారు. తొట్టి అడుగు నుండి కొంత పెట్రోలు తీసి, నీటిచుక్క ఉన్నదేమోనని వెలుతురుకు పట్టారు. దానికి అరగంట పట్టింది. తరువాత నన్ను ముందుసీటులో కూర్చోబెట్టి పట్టీలు బిగించారు. క్లబ్బులో పనిచేసే ఒక అమ్మాయి పంకా త్రిప్పింది. ఇంజను వేడెక్కే వరకు వేచి, ఆయన దాని వేగం పెంచి, ఒక్కొక్క మాగ్నెటోను ఆపి చూశారు.

మాగ్నెటో అనేది ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే పరికరం. విమానానికి అవి రెండు ఉంటాయి. ప్రతి సిలిండరుకు రెండేసి ప్లగ్గులు. ఒకటి ఆపితే వేగం కొద్దిగా తగ్గడం సహజం. ఆవేళ ఒక ప్రక్కది ఆపగానే తగ్గుదల స్వల్పం. రెండవ ప్రక్కది ఆపగానే ఇంజను ఊపిరాడనట్లు తడబడింది, విమానమంతా వణికింది. ఆయన మళ్లీ చూశారు. మళ్లీ అంతే. ఇంజను ఆపివేసి, క్రిందికి దిగి, నా పట్టీలు విప్పారు.

ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉన్నది; కాని చెప్పాలి. నేను ఆయనను బ్రతిమాలాను. రెండు మాగ్నెటోలూ కలిసి నడుస్తుంటే ఇంజను నిక్షేపంగా ఉన్నది కదా, ఒకటి చక్కగా పనిచేస్తున్నది కదా, మైదానం చుట్టూ ఒక్క చుట్టు చుట్టి దిగరాదా అన్నాను. అంతదూరం వచ్చానన్న మాట కూడ అన్నాను. ఆయన కోపగించలేదు. తరగతిలో వెనుకబెంచీ పిల్లవానికి చెప్పినట్లు నెమ్మదిగా చెప్పారు: “రెండవ మాగ్నెటో ఉన్నది, గాలిలో ఉండగా మొదటిది చెడితే క్షేమంగా దిగడానికి. మొదటిది చెడిందని తెలిసిన తరువాత ఎగరడానికి కాదు. అలా ఎగిరితే మనకున్నది ఒకటే. ఒకటే ఉన్నవాడు అది చెడినప్పుడు ఏం చేస్తాడు?”

ఆ మధ్యాహ్నమంతా ఇంజను మూత తీసి, ఎనిమిది ప్లగ్గులనూ విప్పి, బల్లమీద వరుసగా పేర్చాము. చేతులు నల్లబడ్డాయి. సాయంకాలానికి దొరికింది దోషం: ఒక ప్లగ్గు లోపలి పింగాణీలో వెంట్రుకవాసి పగులు. చల్లగా ఉన్నప్పుడు అది కంటికి ఆనదు. వేడెక్కితే నిప్పురవ్వ దారి తప్పుతుంది. కొత్త ప్లగ్గు బిగించి ఇంజను త్రిప్పితే తడబాటు పోయింది. కాని అప్పటికి మబ్బు దిగింది. “ఇంకొక ఆదివారం” అన్నారాయన. నేను నేలమీదనే ఉండి తిరిగి వచ్చాను.

ఆ రెండువారాల వ్యవధిలో ఈ పాత విమానాలను గూర్చి నేను చదివినవాటిలో ఒక దుర్ఘటన వృత్తాంతం ఉన్నది. 2013 డిసెంబరు 16న ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లండ్ సముద్రతీరాన, ఒక టైగర్ మాత్ గాలిలో ఉండగా ఎడమప్రక్క రెక్కలు విడిపోయి సముద్రంలో కూలింది. ఇద్దరు మరణించారు. పరిశోధకులు తేల్చిందేమంటే, శరీరం అడ్డంగా సాగి రెక్కల బరువును పట్టి ఉంచే రెండు ఇనుపకడ్డీలు మరల వద్ద అలసి తెగాయి. ‘అలసి’ అనే మాట నా అలంకారం కాదు. లోహం మళ్లీ మళ్లీ వంచితే లోలోపల పగిలి, ఒకనాడు తెగే దోషానికి ఇంజనీర్లు పెట్టిన పేరే అలసట. తీగను అటూ ఇటూ వంచి విరిచే పిల్లలందరికీ ఆ సంగతి తెలుసు. ఆ కడ్డీలు విమానంతో పుట్టినవి కావు. తరువాత మార్చి అమర్చినవి. కొత్త భాగమంటే మంచి భాగమని మనకొక నమ్మకం. పాతయంత్రం పోషించేవాడు ఆ నమ్మకాన్ని కూడ విప్పి చూడాలి. గుడ్డ, కొయ్య, తీగ ఎలా ఉన్నవో పైకి కొంతవరకు కనబడతాయి. లోపలి కడ్డీ మనస్సు దానిని బయటికి తీసి పరీక్షించే వరకు తెలియదు.

ఇంకొక విచిత్రం కూడ నాకప్పుడే తెలిసింది. ఎండకాసే పగటిపూట, గాలిలో తేమ ఉంటే, ఇంజనులో మంచు పేరుకొంటుంది! పెట్రోలు ఆవిరి అయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగుకొంటుంది. మన కూజాలో నీరు చల్లబడే సూత్రమే ఇది. కార్బ్యురేటరు గొంతు అంతటి చలికి లోనై, గాలిలోని తేమ అక్కడ గడ్డకట్టి, ఇంజనుకు ఊపిరి ఆడకుండా చేస్తుంది. అందుకు విరుగుడుగా వేడిగాలిని లోనికి పంపే ఏర్పాటు ఉంటుంది. మన ఇంటి కూజా మనకు చేసే ఉపకారం అక్కడ అపకారమవుతున్నది.

మూడవ ఆదివారం నేను ఎగిరాను. ఆ అనుభవాన్ని వర్ణించబోను. కవులు చేయవలసిన పని అది. ఒక్క విషయం చెబుతాను. గడ్డిమీద ఎగిరెగిరి పడుతున్న చక్రాలు ఎప్పుడు నేలను విడిచాయో నాకు తెలియలేదు. కుదుపు ఆగిపోవడం మాత్రమే తెలిసింది. వెయ్యి అడుగుల ఎత్తున, క్రింద గొర్రెలమంద, చర్చి గోపురం, కంచెల నడుమ పచ్చని చేలు చూసి నేను మైమరచి ఉండగా, మాస్టారు గొట్టంలో నుండి మాట్లాడుతున్నారు: “ఎడమవైపు ఆ గోధుమకోసిన పొలం చూడండి, అది బాగున్నది... ఇప్పుడు కుడివైపు, చెరువు ప్రక్కది.” ఆయన నాకు ప్రకృతి సౌందర్యం చూపుతున్నారనుకొన్నాను. దిగిన తరువాత తెలిసింది. ఇంజను ఆ క్షణాన ఆగిపోతే ఏ పొలంలో దిగాలో ఆయన అడుగడుగునా ఎంచుకొంటున్నారు. ఆ ఎత్తున ఇంజను ఆగితే నేలను చేరడానికి ఉండే వ్యవధి ఒకటి రెండు నిమిషాలు. అప్పుడు వెదకడం మొదలుపెట్టడానికి తీరిక ఉండదు. అందుచేత ఎల్లప్పుడూ ఒక పొలం చేతిలో ఉండాలి. ఇరవై నిమిషాల ఆ విహారంలో ఆయన ఒక్కసారి కూడ పొలం లేకుండా లేరు. ఆయన ఆనందానికి అది అడ్డు కాలేదు. బహుశః ఆ జాగ్రత్తయే ఆయన ఆనందం.

తరువాత రెండేండ్లకు ఆయన వద్ద నుండి ఉత్తరం వచ్చింది. విమానంలో తన వాటాను అమ్మివేశానని వ్రాశారు. కొన్నది ఎవరో కాదు. ఆనాడు పంకా త్రిప్పిన అమ్మాయి. ఆమె అప్పటికి లైసెన్సు సంపాదించింది. మాస్టారికి డెబ్బై ఆరేండ్లు. వైద్యుడు ఆయన ఎగరవచ్చుననే చెప్పాడట. నియమాలు అడ్డు రాలేదు. కాని ఆ వేసవిలో ఒకసారి ఎత్తుకొలిచే గడియారాన్ని సవరించకుండానే బయలుదేరారు. ఇంకొకసారి రెక్కల ముందు అంచున ఉండే పలకలు తెరుచుకొనడానికి వీలుగా మీట విప్పకుండానే ఎగిరారు. రెండుసార్లూ ఏ ప్రమాదమూ జరగలేదు. రెండుసార్లూ దిగిన తరువాత ఆయనే కనిపెట్టి, లాగు పుస్తకంలో స్వహస్తాలతో వ్రాసుకొన్నారు. ఆ ఉత్తరంలోని చివరి మాటల సారాంశం ఇది: ఇంజనును నేను ప్రతిసారీ పరీక్షించాను. ఒకప్రక్క తగ్గుదల హద్దు మీరితే విమానాన్ని కొట్టంలో పెట్టాను. ఆ నియమాన్ని యంత్రానికి మాత్రమే వర్తింపజేసి, యంత్రాన్ని నడిపేవానికి మినహాయింపు ఇస్తే లెక్క తప్పుతుంది.

ఆ ఉత్తరం నా బల్లసొరుగులో ఇప్పటికీ ఉన్నది. నలభై ఏండ్లుగా ఎవరూ ఆయనకు వద్దని చెప్పలేదు. ఎవరూ చెప్పకముందే ఆయన విన్నాడు. వైద్యుడు సరేనన్నా, చట్టం సరేనన్నా, తన తడబాటును తానే ఎరిగి, ఇష్టమైన దానిని చేతులారా మరొకరికి అప్పగించడం ఎంత కష్టమో ఈ వయస్సులో నాకు కొద్దికొద్దిగా అర్థమవుతున్నది. మన ఇండ్లలో సైకిలు తాళం, దుకాణం పద్దుపుస్తకం, వంటింటి అధికారం చేతులు మారే వేళ ఎన్ని మాటపట్టింపులు కలుగుతాయో మీకు తెలియనిది కాదు.

బెడ్‌ఫర్డ్‌షైర్‌లో ఓల్డ్ వార్డెన్ అనే ఊళ్లో పాత విమానాల సంగ్రహం ఒకటి ఉన్నది. రిచర్డ్ షటిల్‌వర్త్ అనే యువకుడు దానికి నాంది పలికాడు. అతడు 1940లో, యుద్ధకాలంలో, విమానప్రమాదంలో మరణించాడు. కాని అతడు 1932లో కొన్న మాత్ విమానం ఆ సంగ్రహంలో నిలిచి ఉన్నది. అస్సాంలో టీతోటల యజమాని ఆల్బన్ ఆలీ వద్ద ఒకప్పుడుండి, 1933లో వైస్రాయి పందెంలో పాల్గొన్న చిన్న కాంపర్ స్విఫ్ట్ విమానం కూడ చేతులు మారి మారి ఆ కొట్టానికే చేరింది. యజమానులు పోయారు. విమానాలు ఉన్నవి. ఉండడానికి కారణం వాటి బలం కాదు. ఒకరి తరువాత ఒకరు వాటి తీగలను మీటి, పిన్నులను తడిమి, నేటి దినం ఎగరవచ్చునా అని అడిగినవారు ఉండడం.

మా మాస్టారు ఇప్పుడు ఎగరరు. కాని ప్రతి ఆదివారం మైదానానికి వెళుతున్నట్లు కబురు. ఆ అమ్మాయి విమానం ఎక్కి కూర్చుంటే, ఆయన చక్రాల ముందు దిమ్మెలు పెట్టి, పంకా దగ్గర నిలిచి, ‘స్విచెస్ ఆఫ్’ అంటారట. ఆమె ఆ మాట తిరిగి చెప్పే వరకు ఆయన చేయి ఎత్తరు.